వీల్‌చైర్‌తో అలాస్కా క్రూయిజ్: ముందు గది తలుపు కొలవండి

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరకు వచ్చిన అమ్మానాన్నలకు ఎక్కువ నడక లేకుండా చూపించగలిగే వాటిలో అలాస్కా క్రూయిజ్ ఒకటి. పెట్టెలు ఒక్కసారి విప్పితే చాలు, వారం రోజులు మళ్లీ సర్దే పనిలేదు. మంచు నదుల దగ్గరికి మనం వెళ్లక్కర్లేదు, ఓడే తీసుకెళ్లి ముందు నిలబెడుతుంది. మోకాళ్లు అరిగిపోయినవాళ్లు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు, పూర్తిగా చక్రాల కుర్చీలోనే ఉండేవాళ్లు కూడా హాయిగా చేయగలిగిన ప్రయాణం ఇది.

అయితే చాలా కుటుంబాలు మొదట్లోనే ఒక పొరపాటు చేస్తాయి. శంషాబాద్‌లో వీల్‌చైర్ అడిగితే మనిషితో సహా వచ్చింది, సియాటెల్‌లో దిగగానే ఇంకొకరు పేరు రాసిన అట్ట పట్టుకుని ఎదురొచ్చారు, కాబట్టి ఓడలో కూడా అలాగే ఉంటుందనుకుంటారు. ఉండదు. క్రూయిజ్ కంపెనీ ఇచ్చే వీల్‌చైర్ సహాయం టెర్మినల్ గుమ్మం నుంచి ఓడలోకి ఎక్కించడానికి, చివరి రోజు మళ్లీ దించడానికి మాత్రమే. మధ్యలో ఉన్న ఏడు రోజులూ కుర్చీ మీరే తెచ్చుకోవాలి, తోసే చేతులూ మీవే. వెయ్యి అడుగుల పొడవున్న ఓడలో గది ఒక చివర, భోజనాల హాలు మరో చివర ఉంటే ఒక్క పూట భోజనానికి రానూపోనూ అర కిలోమీటరు అవుతుంది. ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషికైనా ఓడలో కుర్చీ కావాలి. "మా అమ్మకి వీల్‌చైర్ అంతగా అవసరం లేదండీ" అన్న కుటుంబమే రెండో రోజు రిసెప్షన్ దగ్గర కుర్చీ కోసం నిలబడుతుంది. అక్కడ అద్దెకిచ్చేవి ఒకవేళ ఉన్నా చాలా తక్కువే ఉంటాయి.

కుర్చీ ఎంపిక

తోసేవాళ్లు ఎప్పుడూ పక్కన ఉంటారంటే ట్రాన్స్‌పోర్ట్ చైర్ సరిపోతుంది. ఇది నాలుగు చిన్న చక్రాలుండే మడత కుర్చీ, 7 నుంచి 10 కిలోల బరువుంటుంది. కొనేటప్పుడు వెనక చక్రాలు 12 అంగుళాలున్న రకం చూడండి. నాలుగు చక్రాలూ 8 అంగుళాలవైతే ఎయిర్‌పోర్టు నేల మీద బాగానే పోతుంది గానీ, ఓడ నుంచి రేవుకు దిగే వంతెన (గ్యాంగ్‌వే) చివర ఉండే ఇనుప పలక దగ్గర, అలాస్కాలోని స్కాగ్వే ఊళ్లోని చెక్క కాలిబాట సందుల్లో ముందు చక్రం ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నప్పుడు కుర్చీ ఆగిపోతుంది, కూర్చున్న మనిషి మాత్రం ముందుకు తూలుతారు. ఒళ్లో బెల్టు లేని కుర్చీ తీసుకోవద్దు.

తనే చక్రాలు తిప్పుకునేవారికి మామూలు పెద్ద చక్రాల కుర్చీ ఉండాలి. ఓడ కారిడార్లలో పరిచే కార్పెట్ దళసరిగా ఉంటుంది కాబట్టి ఇంటి టైల్స్ మీద పెట్టే బలం దాదాపు రెట్టింపు పెట్టాల్సి వస్తుంది. గాలి చక్రాలైతే బయల్దేరే ముందు నిండుగా కొట్టించండి. భుజాల్లో అంత బలం లేకపోతే నడవలేనివాళ్లు కూర్చుని నడిపే బ్యాటరీ స్కూటర్‌గానీ బ్యాటరీ కుర్చీగానీ ఆలోచించండి. మూడు చక్రాల ట్రావెల్ స్కూటర్ చాలావరకు 21, 22 అంగుళాల వెడల్పే ఉంటుంది, తక్కువ చోటులో తిరుగుతుంది. నాలుగు చక్రాలది నిలకడగా ఉంటుంది కానీ లిఫ్టులో వెనక్కి తిప్పడం కష్టం.

కొనకుండా అద్దెకు కూడా తీసుకోవచ్చు. స్కూటరౌండ్ లాంటి సంస్థలు ముందే చార్జింగ్ పెట్టి నేరుగా గదిలోకే చేరుస్తాయి. అయితే ప్రతి క్రూయిజ్ కంపెనీకి తాను అనుమతించిన అద్దె సంస్థలుంటాయి. వేరే చోట తీసుకున్నది టెర్మినల్లో మీరే అందుకోవాలి, అక్కడే తిరిగివ్వాలి.

ఏది తీసుకున్నా టేపు పెట్టి మూడు కొలతలు రాసుకోండి: చేతితో తిప్పే రింగులతో కలిపి పూర్తి వెడల్పు, కాళ్లు పెట్టుకునే పలకలతో కలిపి పొడవు, బ్యాటరీతో సహా బరువు. సీటు 18 అంగుళాలని రాసి ఉన్న మామూలు కుర్చీ మొత్తం వెడల్పు 25, 26 అంగుళాలు వస్తుంది. పెట్టె మీద రాసిన సీటు కొలతనే కుర్చీ వెడల్పు అనుకుని ఫారం నింపేవాళ్లు ఎక్కువ. గది దగ్గరకు వెళ్లాక కుర్చీ తలుపులో పట్టకపోవడానికి అసలు కారణం ఇదే.

గది దొరికితేనే ఓడ

చాలా ఓడల్లో మామూలు గది తలుపు 22, 23 అంగుళాలే ఉంటుంది. బాత్రూం తలుపు అంతకన్నా ఇరుకు, పైగా నీళ్లు బయటికి రాకుండా కొన్ని అంగుళాల ఎత్తు గడప. కుర్చీ లోపలికి పట్టదు, పట్టినా బాత్రూంలోకి పోదు. కుర్చీని బయట వదిలేద్దామంటే ఒప్పుకోరు. అగ్నిప్రమాదం జరిగితే జనం పరుగెత్తేది ఆ కారిడార్‌లోనే కనుక స్కూటరైనా కుర్చీ అయినా గదిలోనే పెట్టాలి, చార్జింగ్ కూడా గదిలోనే. ఈ నియమాన్ని ఏ కంపెనీ సడలించదు.

అందుకే ముందు ఓడ నచ్చి తర్వాత గది వెతకడం కాకుండా, వికలాంగులకు అనువైన గది ఏ ఓడలో ఖాళీగా ఉందో చూసి తేదీ ఖాయం చేసుకోవాలి. వెయ్యికి పైగా గదులున్న ఓడలో ఇలాంటివి ముప్పై దాకా ఉంటాయంతే. అలాస్కా సీజను ఏప్రిల్ చివర మొదలై అక్టోబరు మొదట్లో ముగుస్తుంది. జూన్, జూలై, ఆగస్టు నెలల ప్రయాణానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది ముందు బుక్ చేయండి. ఆలస్యమైతే సెప్టెంబరు మొదటివారం చూడండి, వాన ఎక్కువే గానీ గదులు దొరుకుతాయి.

ఈ గదులు ఒకే రకం కావు. చాలా కంపెనీలు మూడు తరగతులుగా చూపిస్తాయి. మొదటిది పూర్తిగా అనువైనది: తలుపు 32 అంగుళాల దాకా, కుర్చీ గుండ్రంగా తిరగడానికి 5 అడుగుల చోటు, గడప లేని స్నానాలగది, మడత పీట, పట్టుకునే కడ్డీలు, మంచానికి రెండు వైపులా ఖాళీ. రెండోది కూడా అంతే, కానీ మంచం దగ్గరకు ఒక్క వైపు నుంచే కుర్చీ వెళ్తుంది. మూడోది కొద్దిగా నడవగలిగేవారికి: కడ్డీలు ఉంటాయి, తలుపు మాత్రం ఇరుకుగానే ఉండొచ్చు. వెబ్‌సైట్‌లో కుర్చీ బొమ్మ చూసి డబ్బు కట్టేస్తే ఈ మూడోది వచ్చి పడే ప్రమాదం ఉంది.

రెండో రకం తీసుకుంటే ఖాళీ ఏ వైపున ఉందో అడగండి. పక్షవాతంతో ఎడమ వైపు బలహీనపడిన మనిషి కుడి వైపు నుంచే మంచం మీదకు మారగలరు. ఖాళీ ఎడమ వైపుంటే రోజూ రాత్రి, తెల్లవారుజామున యాతన తప్పదు.

ఫోన్‌లో కంపెనీ యాక్సెసిబిలిటీ విభాగంతోనే మాట్లాడండి, మామూలు సేల్స్ వాళ్లకు ఇవన్నీ తెలియవు. గది నంబరు చెప్పి అడగాల్సినవి ఇవి:

- గది తలుపు, బాత్రూం తలుపు, బాల్కనీ తలుపు తెరిచినప్పుడు అసలు ఖాళీ ఎన్ని అంగుళాలు? బాల్కనీ గడపకు ర్యాంప్ ఉందా?
- కమోడ్ ఎత్తెంత? పక్కన కడ్డీ ఏ వైపు? ఎత్తు పెంచే సీటు ఇస్తారా?
- మంచం ఎత్తెంత? మనిషిని ఎత్తే హాయిస్ట్ వాడేవారైతే, మంచం కింద దాని కాళ్లు దూరడానికి ఖాళీ ఉందా?
- సోఫా కమ్ బెడ్ తెరిస్తే 5 అడుగుల తిరుగుడు చోటు మిగులుతుందా?

ఆఖరి ప్రశ్న చాలామందికి తోచదు. నాన్నమ్మతోపాటు మనవణ్ణి అదే గదిలో పడుకోబెడదామనుకుంటారు. సోఫా తెరిచాక కుర్చీ బాత్రూం వైపు తిరగదు. పిల్లాడికి పక్కగదే మంచిది.

ఇంకో హెచ్చరిక. "ఏ గదైనా సరే, కంపెనీ ఇష్టం" అనే గ్యారంటీ టికెట్టు చవగ్గా వస్తుంది, దాని జోలికి పోవద్దు. బుక్ చేశాక "అప్‌గ్రేడ్ కోసం బిడ్ వేయండి" అని మెయిల్ వస్తే పట్టించుకోకండి, ఉచిత అప్‌గ్రేడ్ కూడా వద్దని బుకింగ్‌లో రాయించండి. పై అంతస్తులో పెద్ద బాల్కనీ వచ్చిందని సంబరపడితే అది మామూలు గది అయి కూర్చుంటుంది.

ధర విషయంలో భయపడక్కర్లేదు. విదేశీ జెండాతో తిరిగే ఓడలకు కూడా అమెరికా జలాల్లో అక్కడి వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని 2005లో ఆ దేశ సుప్రీం కోర్టు స్పెక్టర్ వర్సెస్ నార్వీజియన్ క్రూయిజ్ లైన్ కేసులో తీర్పు చెప్పింది. వైకల్యం కారణంగా అదే తరగతి గదికి ఎక్కువ వసూలు చేయకూడదు. గది నిజంగా అవసరమని మాత్రం రాసి ఇవ్వమంటారు.

కెనడా వీసా

ఇది వీల్‌చైర్ సంగతి కాదు గానీ, తెలుగు కుటుంబాల ప్రయాణం ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. విదేశీ ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్లను మధ్యలో ఏ విదేశీ రేవూ తాకకుండా తిప్పి తీసుకురాకూడదని 1886 నాటి చట్టం ఉంది. అందుకని సియాటెల్ నుంచి బయల్దేరే అలాస్కా ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఆ కొన్ని గంటల కోసం కెనడా విజిటర్ వీసా కావాలి. ఓడ దిగకుండా గదిలోనే కూర్చుంటామన్నా కుదరదు, సియాటెల్‌లోనే ఎక్కనివ్వరు. బి-2 సందర్శక వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకే కాదు, హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ చూపిస్తే చాలు. వీసా కావాల్సినవాళ్లు వేలిముద్రలకు వెళ్లాల్సి ఉంటుంది, ఆ కేంద్రానికి వీల్‌చైర్‌తో వెళ్లిరావడం కూడా ఒక ప్రయాణమే. కాబట్టి ఇండియాలో ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టించడం మేలు.

సియాటెలా, వాంకూవరా?

కెనడాలోని వాంకూవర్ నుంచి బయల్దేరే ఓడలు చాలావరకు వాంకూవర్ ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న ఇరుకు జలాల్లోంచి వెళ్తాయి, ఊపు తక్కువ. సియాటెల్ ఓడలు ఆ ద్వీపానికి బయటి వైపు, పసిఫిక్ మహాసముద్రంలోంచి వెళ్తాయి. మొదటి రాత్రి, మర్నాడు ఓడ ఊగొచ్చు. నడక తడబడే మనిషికి ఆ ఊపు పెద్ద తేడా. వాంకూవర్‌లో అమెరికా ఇమిగ్రేషన్ కూడా కెనడా ప్లేస్ టెర్మినల్లోనే అయిపోతుంది, అందుకే వరస పొడుగ్గా ఉంటుంది. వీల్‌చైర్ సహాయం ముందే రాయించుకుంటే ఆ వరసలో నిలబడే బాధ తగ్గుతుంది. రెండింట్లో దేన్నుంచి వెళ్లినా గది ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో, లిఫ్టుకు దగ్గరగా ఉంటే మంచిది.

సియాటెల్ అయితే రెండు వేర్వేరు టెర్మినళ్లు ఉన్నాయి: పియర్ 66, పియర్ 91. మధ్య దూరం నడిచేది కాదు. టికెట్టు మీద ఏది ఉందో చూసి, ర్యాంప్ ఉన్న వ్యాన్ కావాలంటే కొన్ని రోజుల ముందే మాట్లాడుకోండి.

అడగందే అమ్మైనా పెట్టదు

బుక్ చేసిన వెంటనే, ఎంత ఆలస్యమైనా ప్రయాణానికి 60 రోజుల ముందు, ప్రత్యేక అవసరాల ఫారం నింపి పంపండి. కుర్చీ కొలతలు, బ్యాటరీ రకం, కమోడ్ సీటు, స్నానపు పీట, ఇన్సులిన్ కోసం సూదుల డబ్బా, నిద్రలో ఊపిరి ఆగకుండా పెట్టుకునే సీప్యాప్ యంత్రానికి డిస్టిల్డ్ వాటర్, మంచం దగ్గరికి ఎక్స్‌టెన్షన్ వైరు, అన్నీ ఇందులోనే రాయాలి. సొంత ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ముఖ్యంగా సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నవి, ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. వైద్య పరికరానికని చెబితే ఓడవాళ్లే ఇస్తారు. కరెంటు కెటిల్ కూడా పట్టుకెళ్లొద్దు, అది నిషేధ జాబితాలో ఉంటుంది.

ఇండియాలో కొన్న బ్యాటరీ కుర్చీ చార్జర్ మీద చిన్న అక్షరాలు చదవండి. "100-240 వోల్టులు" అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. "220-240" అనే ఉంటే అమెరికా హోటల్లో, ఓడలోని 110 వోల్టుల ప్లగ్గులో చార్జింగ్ ఎక్కదు.

విమానంలో తెచ్చేటట్టయితే లెక్క ఇది. మడిచే కుర్చీ నుంచి విడదీసే లిథియం బ్యాటరీని మనతోపాటు క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి. ఒకటే బ్యాటరీ అయితే 300 వాట్-అవర్ల లోపు, రెండు బ్యాటరీలు పడితే ఒక్కొక్కటి 160 లోపు ఉండాలి. బ్యాటరీ మీద వోల్టులు, యాంప్-అవర్లు మాత్రమే ఉంటే రెంటినీ గుణించండి. 24 వోల్టులు, 10 యాంప్-అవర్లు అంటే 240, పర్వాలేదు. 24 వోల్టులు, 20 యాంప్-అవర్లు అంటే 480, ఆ ఒక్క బ్యాటరీతో ఆపేస్తారు. విమాన సంస్థకు ఈ అంకెలు ముందుగా మెయిల్‌లో పంపి, వాళ్ల జవాబు కాగితం మీద ఉంచుకోండి.

భోజనం గురించి ఒక్క మాట. భారతీయ శాకాహారం కావాలని ఇదే ఫారంలో రాయండి. ఓడెక్కాక మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ను కలిసి రేపటిది ఈ రోజే చెప్పడం అలవాటు చేసుకోండి. బల్ల కూడా గుమ్మానికి దగ్గర్లో అడగండి, కుర్చీలోనే కూర్చుని తింటారా, హాలు కుర్చీలోకి మారతారా అన్నది చెబితే దానికి తగ్గట్టు సర్దుతారు.

మొదటి రోజు

రేవు దగ్గర పెద్ద పెట్టెలు ఇచ్చేస్తే అవి గదికి వచ్చేసరికి సాయంత్రం కావొచ్చు. మందులు, చార్జర్, ఒక జత బట్టలు, డైపర్లు, మగ్గు చేతిసంచిలోనే ఉండాలి. మగ్గు గురించి మొహమాటపడకండి. అక్కడి టాయిలెట్‌లో కాగితమే ఉంటుంది, మన పెద్దవాళ్లు దాంతో ఇబ్బంది పడి నీళ్లు తాగడం తగ్గించేస్తారు, దాంతో మలబద్ధకం, మూత్రంలో మంట. చిన్న ప్లాస్టిక్ మగ్గుగానీ నొక్కితే నీళ్లు చిమ్మే సీసాగానీ పెట్టుకుంటే ఈ బాధ లేదు.

గదిలోకి వెళ్లగానే, పెట్టెలు రాకముందే, కుర్చీతో బాత్రూంలోకి ఒకసారి వెళ్లి కమోడ్ మీదకు మారి చూడండి. స్నానపు పీట దించి చేత్తో గట్టిగా నొక్కండి. ఏదైనా వదులుగా ఉంటే ఆ మధ్యాహ్నమే బాగుచేయించవచ్చు. గడప లేని స్నానాలగదిలో ఓడ ఊగినప్పుడు నీళ్లు గదివైపు పారతాయి, అదనపు తువ్వాళ్లు అడిగి గుమ్మం దగ్గర పరవండి. ఓడ గోడలు చాలావరకు ఇనుమువే కాబట్టి నాలుగు అయస్కాంతపు కొక్కేలు తీసుకెళ్తే చేతికర్ర, మందుల సంచి మంచం పక్కనే తగిలించుకోవచ్చు. రాత్రి కుర్చీని మడిచి, బ్రేకులు వేసి, సోఫా కాలికి సాగే తాడుతో కట్టండి. వదిలేస్తే ఊపుకు అటూఇటూ కదిలి, చీకట్లో లేచిన మనిషి కాలికి తగులుతుంది.

ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చెప్పే మస్టర్ కార్యక్రమం మొదటి రోజే ఉంటుంది. అక్కడి సిబ్బందికి "మెట్లు దిగలేరు" అని చెప్పి, సహాయం కావాల్సినవారి జాబితాలో పేరు, గది నంబరు రాయించండి. నిజంగా గంట మోగితే లిఫ్టులు వాడనివ్వరు, మెట్ల మీద మోసే ప్రత్యేక కుర్చీలతో సిబ్బంది గదికే వస్తారు. ఆ జాబితాలో పేరు ఉంటేనే వస్తారు. కొంచెం నడవగలరు కదా అని రాయించకపోతే, పన్నెండు అంతస్తుల మెట్ల దగ్గర మీరే మిగులుతారు.

రేవులో దిగడం

ఆగ్నేయ అలాస్కాలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ, కొన్ని రోజుల్లో 20 అడుగుల దాకా పోతుంది. కదలని రేవు దగ్గర కట్టిన ఓడ నీటితోపాటు లేస్తుంది, దిగుతుంది. గ్యాంగ్‌వే ఉదయం సమంగా ఉండి మధ్యాహ్నానికి నిటారుగా మారొచ్చు. తేలే రేవైతే ఓడా రేవూ కలిసి కదులుతాయి కానీ, రేవు నుంచి రోడ్డుకు ఎక్కే ర్యాంప్ నిటారవుతుంది. కాబట్టి దిగే ముందు రోజు రాత్రే రిసెప్షన్‌లో "వాలు ఎప్పుడు తక్కువ ఉంటుంది, ఏ అంతస్తు నుంచి దించుతారు" అని అడగండి. ఒక్క గంట ఆలస్యంగా దిగితే సగం శ్రమ తప్పిన సందర్భాలుంటాయి.

వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, తోసేవారు కింది వైపు ఉండి మెల్లగా దించాలి. ముఖం ముందుకు పెట్టి దించితే అంచు పలక దగ్గర ముందు చక్రం తగిలి మనిషి జారిపోతారు. వెనక పడిపోకుండా పెట్టే చిన్న చక్రాలు కూడా ఆ పలకకే తట్టుకుంటాయి, ఎత్తు మార్చే వీలుంటే ఒక మెట్టు పైకి పెట్టండి. సిబ్బంది కుర్చీ పట్టుకుని సాయం చేస్తారు. కానీ మనిషిని చేతులతో ఎత్తరు, స్నానం, టాయిలెట్ పనుల్లో సాయపడరు. ఆ పనులు చేయగలిగిన మనిషి మీతో రావాల్సిందే.

ఓడ రేవుకు ఆనుకోకుండా నీళ్లలోనే ఆగి చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చే చోట్లను టెండర్ రేవులంటారు. ఓడకూ పడవకూ మధ్య ఖాళీ, పైగా రెండూ ఊగుతుంటాయి. ఒక్క అడుగైనా తనంతట తాను వేయలేని మనిషిని, బరువైన బ్యాటరీ కుర్చీని చాలాచోట్ల ఎక్కించుకోరు, అల ఎక్కువైతే ఆ రోజు ఎవరినీ ఎక్కించరు. దారిపటంలో ప్రతి రేవు పక్కన "డాక్" అని ఉందా, "టెండర్" అని ఉందా చూడండి. అలాస్కాలో ప్రధాన రేవులన్నీ మామూలుగా ఆనుకునేవే, వీల్‌చైర్‌వాళ్లకు ఈ యాత్ర నప్పడానికి అదొక పెద్ద కారణం. కరీబియన్‌లో గ్రాండ్ కేమన్, బెలీజ్, గ్రీసులో శాంటొరినీ టెండర్ చోట్లు, అక్కడికి వెళ్లాలనుకుంటే ఈ తేడా మనసులో ఉంచుకోండి.

ఊరూరా

జూనోలో మౌంట్ రాబర్ట్స్ రోప్‌వే కింది స్టేషన్ రేవుకు దగ్గర్లోనే ఉంది, కుర్చీతోనే ఎక్కవచ్చు, పైకి 1,800 అడుగులు తీసుకెళ్తుంది. మబ్బు పట్టిన రోజున పైకి వెళ్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు, కిందనుంచి కొండ కొస కనబడితేనే టికెట్టు కొనండి. మెండెన్‌హాల్ మంచు నది ఊరికి పన్నెండు, పదమూడు మైళ్లు. సందర్శకుల భవనంలో లిఫ్టు ఉంది, ఫోటో పాయింట్ దాకా తారు వేసిన దారి కుర్చీకి అనువుగా ఉంటుంది, రానూపోనూ మైలులో మూడింట రెండు వంతులు. అక్కడికి వెళ్లే బస్సులన్నింటికీ లిఫ్టు ఉండదు, ముందే చెప్పి పెట్టుకోవాలి. తిమింగలాల పడవలు బయల్దేరే ఆక్ బే దగ్గర తేలే రేవుకు దిగే ర్యాంప్ ఆటు సమయంలో చాలా నిటారుగా ఉంటుంది. పోటు దగ్గరి సమయానికి ఉన్న ట్రిప్పే తీసుకోండి. పడవలో టాయిలెట్ ఇరుకు, ఎక్కే ముందే పని చూసుకోవాలి.

స్కాగ్వే చదునైన ఊరు, కుర్చీకి సులువు. 1900లో పూర్తయిన వైట్ పాస్ రైలు ఇక్కడినుంచే కొండ ఎక్కుతుంది. కుర్చీని పైకెత్తే లిఫ్టు ఉన్న పెట్టెలున్నాయి, కానీ బుక్ చేసేటప్పుడే చెప్పకపోతే ఆ పెట్టె దొరకదు. కనుమ పైదాకా వెళ్లిరావడానికి రెండున్నర నుంచి మూడు గంటలు. ఎక్కడా దిగనక్కర్లేదు, కూర్చున్న చోటినుంచే లోయలు, సొరంగాలు, జలపాతాలు చూడొచ్చు. ఒక్క యాత్రకే డబ్బు పెట్టగలిగితే దీనికి పెట్టండి.

కెచికన్‌లో ఏడాదికి 140 అంగుళాలకు పైగా వాన కురుస్తుంది, హైదరాబాద్‌కు నాలుగు రెట్లకు మించి. గొడుగు పట్టుకుని కుర్చీ తోయడం కుదరదు. కుర్చీతో సహా కప్పే వాన కోటు కొనండి, బ్యాటరీ కుర్చీ జాయ్‌స్టిక్‌కు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. అందులోకి నీళ్లు దిగితే కుర్చీ దానంతటదే కదలొచ్చు, లేదా పూర్తిగా ఆగిపోవచ్చు. క్రీక్ స్ట్రీట్ చెక్క వంతెన మీది వీధి, తడిస్తే జారుతుంది. కొన్ని ఓడలు ఊళ్లో కాకుండా వార్డ్ కోవ్‌లో ఆగుతాయి, అక్కడినుంచి ఊరికి బస్సు. సిట్కాలో పెద్ద ఓడలు ఆగే రేవు కూడా ఊరికి కొన్ని మైళ్ల దూరమే. రెండు చోట్లా లిఫ్టు ఉన్న బస్సు ఎప్పుడొస్తుందో దిగగానే అడిగి, తిరుగు ప్రయాణానికి కనీసం గంటన్నర ముందు బస్టాపులో ఉండండి.

యాత్రల జాబితాలో "వీల్‌చైర్‌కు అనువైనది" అని ఉన్నా రెండు అర్థాలుంటాయి: కుర్చీతోనే లిఫ్టు మీద బస్సెక్కడం ఒకటి, మనిషి మూడు నాలుగు మెట్లు తనే ఎక్కి కుర్చీని మడిచి డిక్కీలో పెట్టడం రెండోది. ఏదో అడిగి తెలుసుకోకుండా డబ్బు కట్టొద్దు. లిఫ్టు ఉన్న బస్సులో కుర్చీలకు ఒకటి రెండు చోట్లే ఉంటాయి, అందుకే నెలల ముందే నిండిపోతాయి.

మంచు నది ముందు

గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకు రెండే పెద్ద క్రూయిజ్ ఓడలను అనుమతిస్తారు. ఉదయం పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో వివరిస్తారు, ఎవరూ దిగరు. నిలబడగలిగినవారూ కుర్చీలో ఉన్నవారూ ఒకే చోటినుంచి ఒకటే చూసే రోజు ఇది, దీన్ని చేజార్చుకోవద్దు. ముందు రోజే ఓడంతా తిరిగి, కుర్చీలో కూర్చున్న కళ్ల ఎత్తుకు ఏ డెక్కు మీద గాజు పలకలున్నాయో, ఎక్కడ రెయిలింగు అడ్డొస్తుందో చూసుకోండి. బయటి తలుపుల గడపలు ఎత్తుగా ఉంటాయి, గాలికి తలుపు బరువెక్కుతుంది, ఒకరు తలుపు పట్టుకుంటే ఇంకొకరు తోయాలి. జనం రాకముందే, గంట ముందుగా చోటు పట్టండి. కదలకుండా కూర్చున్న ఒంటికి చలి నడిచేవాళ్లకన్నా త్వరగా ఎక్కుతుంది. రెండు జతల మేజోళ్లు, కాళ్ల మీద దుప్పటి, చేతి తొడుగులు, వేడినీళ్ల ఫ్లాస్కు ఉండాలి. మధుమేహంతో అరికాళ్లకు స్పర్శ తగ్గినవారికి చలి తెలియదు, మీరే మధ్యమధ్యలో పాదాలు ముట్టి చూడాలి. ఓడ మంచు గోడ ముందు మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి బాల్కనీ గదైతే ఏ వైపున్నా మీ వంతు వస్తుంది.

బీమా, పనిముట్లు

ఓడలోని వైద్యశాల ఉచితం కాదు, బిల్లు నేరుగా గది ఖాతాలో పడుతుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు తీసుకున్న విజిటర్ పాలసీ చాలాసార్లు అమెరికా నేలకే పరిమితం. సముద్రంలో, కెనడాలో వర్తిస్తుందా, పాత జబ్బులకు ఇస్తుందా, హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు ఉందా అన్నది రాతలో చూడండి. కుర్చీ పాడైతే ఓడలో మెకానిక్ షాపు ఉండదు. అలెన్ కీల సెట్టు, ముందు చక్రానికి ఒక అదనపు బోల్టు, గాలి చక్రమైతే ట్యూబు, పంపు, ఒక చుట్ట గట్టి టేపు చేతిసంచిలో వేసుకోండి. బయల్దేరేముందు కుర్చీని నాలుగు వైపులా ఫోటో తీసి ఉంచితే విమానంలో దెబ్బ తిన్నప్పుడు అడగడానికి ఆధారం ఉంటుంది.

ఆఖరి రోజు

దిగేటప్పుడు వీల్‌చైర్ సహాయం దానంతటదే రాదు. చివరి రెండు రోజుల్లో రిసెప్షన్‌లో మళ్లీ పేరు రాయించాలి, ఏ హాలులో ఎన్నింటికి కూర్చోవాలో చీటీ ఇస్తారు. పెట్టెలు ముందు రాత్రే కారిడార్‌లో పెట్టమంటారు, కాబట్టి మర్నాటి మందులు, బట్టలు, చార్జర్, మగ్గు పెట్టెలోకి పోకుండా చూసుకోండి. దించే కుర్చీలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, గంటకు పైగా ఆగాల్సి రావచ్చు. ఆ ఉదయం ఇన్సులిన్ వేసుకునేవారు టిఫిన్ తిన్నాకే హాలుకు రావాలి. తిరుగు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతిదే తీసుకోండి.